18,731 గంటల దగ్గర

18,500 గంటలు

షెడ్డు గోడకు వేలాడే పుస్తకం వేరు. అందులో అంకెలు మాత్రమే రాయాలి. మా ఊరు మూడో కట్టలో ఎవరైనా వచ్చి దాన్ని చూసుకోవచ్చు. ఇది నా సొంత పుస్తకం, పనిముట్ల పెట్టె అడుగున ఉంటుంది. రెండింటికీ తేదీ చెప్పేది ఇంజను మీటరే. రోజుకు పది గంటలు తిరుగుతుంది, పది అంకెలు ముందుకు జరుగుతుంది. అది తిరగకపోతే కట్ట లోపలికి ఊరే సముద్రాన్ని బయటికి తోడేవాళ్లు లేరు. మా పొలాలు సముద్రం కన్నా రెండు నిలువుల కింద ఉన్నాయి.

ఇవాళ నూనె మార్చాను. చల్లారకముందే దించి, వేళ్ల మధ్య రుద్ది చూశాను. నల్లగా ఉంది కానీ ఇనుప రజను తగల్లేదు. ఫిల్టరు కోసి మడత మడతా విప్పాను, శుభ్రంగా ఉంది. బెల్టు నొక్కి చూశాను. వాల్వుల సందులు కొలిచాను. ఇరవై రెండేళ్లుగా, పాత ఇంజనుకూ, ఐదేళ్ల కిందట వచ్చిన దీనికీ, ప్రతి రెండువందల యాభై గంటలకూ ఇదే పని చేస్తున్నాను. ఒక్కసారీ తప్పలేదు.

పొద్దున ఆరింటికి రేడియోలో ముప్పై ఎనిమిది కట్టలూ వరసగా తమ నీటిమట్టం చెప్పాయి. అది అయ్యాక ఎప్పటిలాగే దాలమ్మ దర్బారు మొదలైంది. దాలమ్మ పడవలోనే కాపురం ఉంటుంది, కట్ట కట్టకీ తిరిగి ఇంజన్లు బాగుచేస్తుంది. ఆరో కట్టవాళ్ల ఇంజను వణుకుతోందట. మైకు దగ్గర పెట్టి వినిపించమంది. రెండు క్షణాలు విని, "మూడో ఇంజెక్టరు" అంది. గంట తర్వాత ఆరో కట్టవాడు రేడియోలో అమ్మవారికి మొక్కు చెల్లించినట్టు మాట్లాడాడు. రేడియోలో ఆమె చెప్పినవన్నీ ఎప్పుడూ రైటే.

నేనూ విన్నాను ఆ చప్పుడు. మూడోదేనని నాకూ తోచింది. నన్నెవరూ అడగలేదు.

ఇద్దరం ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. పెంటయ్య మేస్త్రి. కొండమీద పెద్ద షెడ్డులో మెకానిక్కు చదువుకు ఒక్క చోటు ఖాళీ వస్తే దాలమ్మను పంపాడు. "నువ్వు కనిపెట్టుకుని ఉండే మనిషివమ్మా" అని నన్ను ఈ షెడ్డులో కూర్చోబెట్టాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ మాట మాత్రం నాకింకా అరగలేదు.

రేడియేటర్లో నీళ్లు అరలీటరు తక్కువ ఉన్నాయి. ఎండలకు ఆరి ఉంటాయి. నింపి, గోడ పుస్తకంలో 'నిండుగా' అని రాశాను. నింపాక నిండుగానే ఉంది కదా.

18,548 గంటలు

ఇవాళ లీటరు తక్కువ వచ్చింది. గొట్టాలన్నీ తడిమాను. క్లిప్పులు బిగించాను. నీటి పంపు కింద పొడిగుడ్డ పరిచి నాలుగు గంటలు ఉంచితే ఒక్క చుక్క పడలేదు. రేడియేటరు మూత రబ్బరు మార్చాను. బయటికి కారడం లేదు. బయటికి కారని నీళ్లు ఎటు పోతాయో నాకు తెలుసు, ఇంజను కడుపులోకే. అయినా ఇంకో రెండు రోజులు చూస్తాను.

మధ్యాహ్నం కట్టపెద్ద లచ్చుమయ్య వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఏటమ్మా రత్నం, దాలమ్మ నాలుగో కట్టకొస్తందట. మన ఇంజను కూడా ఓపాలి సూపిద్దామా?"

"సూపించడానికి ఏటుంది పెద్దయ్యా దాన్లో?"

"ఏటీ నేదు. ఏడాదికోపాలి వేరే కళ్లతో సూత్తే మంచిది గదా అని."

"నా కళ్లకేటయింది?"

ఆయన గోడ పుస్తకం తిరగేశాడు. నీళ్ల వరసలో 'నిండుగా, నిండుగా, నిండుగా' అని ఉంది. తల ఊపి వెళ్లిపోయాడు. నేను రాసింది చూసి ఒక మనిషి నిశ్చింతగా లేచి వెళ్లడం అంత బరువుగా ఉంటుందనుకోలేదు.

18,590 గంటలు

పిలవకుండానే వచ్చింది దాలమ్మ. నాలుగో కట్టకు వెళ్లే దారిలో ఒక పూట ఆగింది. మా ఆయన కొర్లయ్య అప్పుడే వలేసి వచ్చాడు, ఆమె కోసం పెద్ద రొయ్యలు ఏరి పక్కన పెట్టాడు. నేనే వండాను. తింటున్నంతసేపూ ఆమె కొండమీది షెడ్డు కబుర్లు చెబుతూనే ఉంది. గుడ్డి మేస్త్రి ఒకడు ఇంజను తలను నాకి ఏ గనిలోని ఇనుమో చెప్పేవాడట. కొర్లయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఇరవై ఏళ్లలో నేను ఇంజను గురించి చెప్పిన దేనికీ అతను నవ్వలేదు. నిజానికి నేను నవ్వించే సంగతి ఒక్కటీ చెప్పలేదు. నా ఇంజనుకు నవ్వించే సంగతులు జరగవు. ఏదీ పాడవదు కాబట్టి.

ఆమె చేతులు చూశాను. గోళ్లు విరిగి, కణుపుల దగ్గర మసి పచ్చబొట్టులా ఇంకిపోయి ఉన్నాయి. నా చేతులూ అంతే. కానీ ఆమె చేతుల్ని ముప్పై ఎనిమిది కట్టల్లో జనం పట్టుకుని మొక్కుతారు.

వెళ్లేటప్పుడు షెడ్డు బయట ఆగి, తల ఒక పక్కకు వంచి వింది. లోపలికి రాలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"వొలే రత్నం, పొద్దుటే స్టార్టు సేసినప్పుడు తెల్ల పొగొస్తందేటి?"

"నేదు."

"నీళ్లేటైనా తగ్గుతన్నాయా?"

"నేదంటన్నాను గదా."

"సరే. ఓపాలి సెయ్యెయ్యమన్నావంటే ఏత్తాను. ఉట్టినే."

"నువ్వెల్లు. నాలుగో కట్టోళ్లు కాసుకునుంటారు."

ఆమె పడవ కనుమరుగయ్యాక లోపలికి వచ్చి లీటరున్నర నీళ్లు పోశాను. తెల్ల పొగ నాలుగు రోజులుగా వస్తోంది. నేను తొమ్మిది రోజులు వాసన చూసి, గుడ్డలు పరిచి, తడిమి తెలుసుకున్నది ఆమె పడవెక్కబోతూ, తడిచేతులు చీరకు తుడుచుకుంటూ చెప్పింది. ఆ కోపంలో అన్నం సహించలేదు.

18,655 గంటలు

మూత తీసి ఇంజను తిప్పితే రేడియేటర్లో బుడగలు లేస్తున్నాయి. మంట గాలి నీళ్లలోకి వస్తోందన్నమాట. ఇంజను పైన మూతలా కూర్చునే తల కింద వేసే రేకు, అదే గాస్కెట్టు, వదులైందని అనుకున్నాను. తల బోల్టులు వరసగా బిగించాను. లెక్క ప్రకారం బిగిసిందని రెంచి టిక్కుమంది. అక్కడ ఆగాలి. పద్నాలుగు బోల్టులకూ ఇంకో పావు తిప్పు తిప్పాను.

సాయంత్రానికి బుడగలు తగ్గాయి. ఇది దాలమ్మకు తోచేదా అనుకున్నాను. అలా అనుకున్నానని ఇక్కడ రాయకుండా ఉండాల్సింది.

18,684 గంటలు

బుడగలు మళ్లీ మొదలయ్యాయి. రోజుకు మూడు లీటర్లు పోతున్నాయి. నూనె కొలిచే కడ్డీ తీస్తే నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. ఉన్న నూనె అంతా పారబోసి కొత్తది పోశాను. సాయంత్రానికి అదీ తెల్లబడింది.

పది రోజుల్లో అమావాస్య పోటు. ఆ మూడు రోజులూ ఇంజను ఇరవై గంటల చొప్పున తిరగాలి.

కొర్లయ్య నీళ్ల డబ్బా మోసుకొచ్చి కింద పెట్టాడు. "రోజూ ఇన్ని నీళ్లు ఎక్కడికెల్తన్నాయి రత్నం?"

"ఇంజను తాగతంది."

"దాలమ్మకోపాలి..."

"ఆ పేరు నా షెడ్డులో ఎత్తకు."

అతను డబ్బాలోని నీళ్లు తొట్టిలో వంచేశాడు. "నీ షెడ్డు కాదు, ఊరి షెడ్డు" అని, డబ్బా తీసుకుని మళ్లీ నీళ్లకు వెళ్లాడు.

18,731 గంటలు

ఇంజను ఆపేసి తల విప్పాను. గొలుసు కప్పీకి కట్టి నేనూ కొర్లయ్యా పైకి లాగాం. గాస్కెట్టు ఒకచోట నల్లబడింది. హమ్మయ్య అనుకున్నాను. దాచి ఉంచిన కొత్త గాస్కెట్టు, నా దగ్గరున్న ఒకే ఒక్కటి, వేసి బిగించాను. స్టార్టు చేస్తే అర నిమిషం తిరిగింది. సైలెన్సరులోంచి పొగ బదులు నీళ్లు చిమ్మాయి. ఆపేశాను.

మళ్లీ విప్పాను. తలను గుడ్డతో తుడిచి, వెలుతురుకు తిప్పి, వేలితో తడిమి గంటసేపు చూశాను. ఎక్కడా ఏమీ కనిపించలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. తెలియనిది ఏదో ఇంకా మిగిలే ఉంది.

పోటుకు ఐదు రోజులు ఉంది.

18,731 గంటలు, మర్నాడు

మీటరు కదల్లేదు. ఈ అంకె రెండోసారి రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

కాలవలో నీళ్లు రాత్రికి రాత్రి జానెడు పెరిగాయి. తెల్లవారగానే పైడితల్లి గంజి తెచ్చింది. రోజూ తెస్తుంది. ఊళ్లో అందరికన్నా పల్లపు పొలం చెక్క ఆమెదే. మొగుడు పోయాక ఒక్కతే ఆ ఎకరం దున్నుతోంది. నీళ్లు ముందు వచ్చేది అక్కడికే.

"నీళ్లు గట్టు కాడికొచ్చేయి రత్నం. ఇంజను ఆపేవేటి?"

"బాగు సేత్తన్నాను."

"నువ్వుండగా నాకేటి భయం" అని గంజి గిన్నె పెట్టి వెళ్లింది.

ఆ మాట విన్నాక నేను కూర్చోలేకపోయాను.

ఆరింటికి మట్టాలు మొదలయ్యాయి. ఒకటో కట్ట, రెండో కట్ట. మా వంతు వచ్చింది. మట్టం చెప్పాను, జానెడు ఎక్కువ. లైన్లో ఎవరో గొణిగారు. మామూలుగా నేను మట్టం చెప్పి మైకు మీట వదిలేస్తాను. ఇవాళ వదల్లేదు. ముప్పై ఏడు కట్టలు వింటున్నాయి. దాలమ్మకు విడిగా కబురు పంపించే దారి ఉంటే పంపించేదాన్ని. పడవ మీద మనిషిని పంపితే వెళ్లి రావడానికే మూడు రోజులు.

"మూడో కట్ట నుంచి రత్నం. దాలమ్మా, ఇంజను నీళ్లు తాగతంది. ఇరవై మూడు రోజులైంది. నేను దాచేను. తల విప్పేను, గాస్కెట్టు మార్చేను. నాకు సేత కావట్లేదు. నువ్వు రావాల."

రేడియో గరగరమంది. ఇప్పుడు నవ్వుతుందనుకున్నాను. నవ్వితే బాగుండుననుకున్నాను, అప్పుడు కోప్పడవచ్చు.

"తల ఎక్కడుంది?" అంది.

"బల్ల మీద."

"ఇంకేటీ ముట్టుకోకు. రేపు మజ్జాన్నానికి వత్తాను."

అంతే అంది. వెంటనే నాలుగో కట్టవాడు తన మట్టం చెప్పాడు.

18,731 గంటలు, మూడో రోజు

దాలమ్మ వచ్చింది. తలను ఒక్కసారి కూడా వేలితో తడమలేదు. కిరసనాయిలు పూసి పావుగంట ఆగింది. పొడిగా తుడిచి, సుద్ద పొడి చల్లింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తెల్లటి పొడి మీద, రెండు వాల్వుల మధ్య, వెంట్రుకంత నల్లగీత మెల్లగా పైకి తేలింది. చీలికలో దాక్కున్న కిరసనాయిలును సుద్ద పీల్చి బయటపెట్టింది.

సుద్ద పొడి. మా ఇంట్లో ముగ్గు డబ్బాలో ఉంది. ఇంత చిన్న సంగతి ఆమెకు తెలిసి నాకు తెలియకపోవడం, చీలిక కన్నా ఎక్కువ బాధించింది.

"బోల్టులు ఎవులు బిగించేరు?"

"నేనే."

"లెక్కకేనా?"

"పావు తిప్పు ఎక్కువ."

గీత చివర గోరు పెట్టి చూపించింది. "ఇక్కడిదాకా పాతది. ఇక్కణ్ణించి కొత్తది, మెరుత్తంది సూడు. ఇది నువ్వు సేసింది." తిట్టినట్టు లేదు, ఊరికే చెప్పినట్టుంది. "అరలీటరు తగ్గిన రోజే సెప్పుంటే కొండమీంచి కొత్త తల తెప్పిద్దును. ఇప్పుడు టయిం నేదు. కుట్టాల."

గోడ పుస్తకం తీసి చూసింది. 'నిండుగా' వరస మీద వేలు నడిపి ఆగింది.

"అసలు లెక్క ఎక్కడ?"

"అదే."

"నువ్వు పెంటయ్య మేస్త్రి శిష్యురాలివి. ఎక్కడో రాసే ఉంటావు. నూనె ఎన్నాళ్లు తెల్లగుందో తెలవకపోతే బేరింగులు విప్పాలా వద్దా నాకెలా తెలుత్తాది? విప్పితే పోటు లోపల అవ్వదు. విప్పకపోతే అవి ఊడొచ్చి ఇంజనే పోవచ్చు."

అసలు లెక్క ఈ పుస్తకంలో ఉంది. ఈ పుస్తకంలో ఇంకేం ఉందో నాకు తెలుసు. అంకెలు నోటితో చెబుతానన్నాను. నమ్మడానికి నా నోటిమాట చాలదని ఆమె అనలేదు. చెయ్యి చాపి ఊరుకుంది. పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చాను.

ఆమె కట్ట మీద ఎండలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. దర్బారు, రొయ్యలు, చేతులు, అన్నీ. నేను బోల్టులు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

తిరిగొచ్చి పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "ఐదు రోజులు. మధ్యలో ఓపాలి నూనె మార్చేవు. బేరింగులు ఆగుతాయి. విప్పక్కర్లేదు" అంది. డ్రిల్లు బయటికి తీసింది.

18,731 గంటలు, నాలుగో రోజు

చీలిక పొడవునా చిన్న చిన్న చిల్లులు వేసి, ఒక్కోదానిలో మరలు కోసిన ఇనుప మేకు బిగించి, పైన కోసి, దాని అంచును కొరుకుతూ పక్క చిల్లు వేస్తుంది. మేకులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పదిహేడు మేకులు పట్టాయి. ఇంజను తల మీద బట్ట కుట్టినట్టుంది. నేను మేకులకు నూనె రాసి అందించాను. ఆమె చెయ్యి ఒక్కసారీ వణకలేదు. ఈ పని నాకు రాదు. ఇంకో ఇరవై ఏళ్లకు కూడా ఇంత బాగా రాదేమో. ఒప్పుకుంటూనే కుళ్లుకున్నాను. రెండూ ఒకేసారి జరుగుతాయని నాకు ఇంతకుముందు తెలియదు.

పదో మేకు దగ్గర, తల ఎత్తకుండానే అంది: "రేడియోలో నేను సెప్పినవన్నీ రైటేనని రాసేవు."

నేను తర్వాతి మేకుకు నూనె రాశాను.

"పదిట్లో మూడు తప్పు. తప్పయినోళ్లు మళ్లీ రేడియోలోకొచ్చి సెప్పరు. సిగ్గు ఆళ్లకి, నాకు కాదు. నా సిగ్గు నేను పడవలో పడతాను." మేకు తిప్పింది. "పద్దెనిమిది వేల గంటలు నడిసిన ఇంజను ఇంకోటి నా ఎరకలో నేదు. నేనైతే ఆర్నెల్లు కూడా ఒకే ఇంజను కాడ కూకోలేను. నిన్ను పొగడ్డానికి అనట్లేదు, నాకు ఓపిక నేదు."

"మేస్త్రికి అది తెలిసే నిన్ను పంపేడా?"

"ఆయన్నడగాల్సింది. ఆయనున్న పదమూడేళ్లూ టయిముండింది నీకు."

మధ్యాహ్నం పైడితల్లి గంజి తేలేదు. వెళ్లి చూస్తే గట్టు తెగి ఆమె చెక్క నిండా నీళ్లు, చీలమండ లోతు ఉన్నాయి. వరి వెన్నులు పైకి కనిపిస్తున్నాయి. ఉప్పు ఎక్కిన మన్ను మళ్లీ పంటకు రావాలంటే మూడేళ్లు పడుతుంది. ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

"నావల్లే" అన్నాను. అంతా చెప్పాను. నీళ్లు తగ్గడం, దాచడం, ఎందుకు దాచానో కూడా.

ఆమె వింది. "దాలమ్మ మీద కుళ్లుతో నా పొలం ముంచేవన్నమాట" అంది. అంతకన్నా పొడుగ్గా నేనూ చెప్పలేను. అవునన్నాను. ఆమె ఇంటికి నడిచింది, వెనక్కి చూడలేదు.

18,733 గంటలు

దాలమ్మ పడవలోంచి తెచ్చిన గాస్కెట్టు, కొత్త నూనె వేసి తల బిగించాక ఇంజను స్టార్టయింది. మూత తీసి చూశాం. ఒక్క బుడగ లేదు. రెండు గంటలు నడిపి, ఆపి, బోల్టులు మళ్లీ లెక్కకు బిగించాం. ఈసారి రెంచి టిక్కుమనగానే చెయ్యి తీసేశాను.

దాలమ్మ వెళ్లేముందు గోడ పుస్తకం చూపించింది. "తప్పు అంకెలు కొట్టేయకు. పక్కన అసలువి రాయి. ఎవులైనా సదువుకుంటారు."

రాశాను. తర్వాత లచ్చుమయ్య ఊరిని కూర్చోబెడితే అందరి ముందూ చదివాను. నన్ను తీసేయమని ముగ్గురు అన్నారు. ఇంకెవరున్నారని ఇద్దరు అన్నారు. లచ్చుమయ్య రెండూ విని, "నేను ఆ పుస్తకం సూసి నిశ్చింతగా నిద్దరోయేను" అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఏడాదికోసారి దాలమ్మ వచ్చి చూడాలని, నేను పిలవకపోయినా రావాలని తీర్మానం చేశారు. నన్ను ఉంచారు.

మాకు మెరకన ముప్పాతిక ఎకరం ఉంది. కొర్లయ్యే ముందు అన్నాడు, దాన్ని పైడితల్లికి ఇచ్చేద్దామని. ఇచ్చాం. తీసుకుంది, థాంక్సు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను తల ఎత్తుకోలేకపోయేదాన్ని.

18,793 గంటలు

పోటు వచ్చి పోయింది. మూడు రోజుల్లో అరవై గంటలు తిరిగింది ఇంజను. నీళ్లు ఒక్క గ్లాసు తగ్గలేదు. కుట్టు మీద చెయ్యి పెడితే చుట్టూ ఉన్న ఇనుము ఎంత వేడిగా ఉందో అదీ అంతే వేడిగా ఉంది. చాలా మంచి పని. రోజూ చూస్తాను, రోజూ కొంచెం మండుతుంది.

గంజి ఇంకా రావడం లేదు. ఇంట్లో కాచుకుని తెచ్చుకుంటున్నాను.

ఇవాళ రేడియోలో మట్టాలయ్యాక ఇరవై ఆరో కట్ట నుంచి ఎవరో కొత్తాయన మాట్లాడాడు. పేరు అమ్మోరయ్య. గొంతులో తడబాటు. ఇంజనుకు పెద్ద ఇబ్బందేమీ లేదట, ఎండలకు కొంచెం నీళ్లు ఆరుతున్నాయట, ఊరికే అడుగుతున్నాడట.

దాలమ్మ గొంతు వచ్చింది. "ఈ రోగం నాకన్నా మూడో కట్ట రత్నానికి బాగా తెలుసు. ఆవిణ్ణడుగు."

 ఇది నా మీద ఎగతాళా అని మొదట అనిపించింది. అందరూ తనను అడిగే ఆ చోటును ఆమె నాకు దానం చేస్తోందా అని తర్వాత అనిపించింది. అదీ మండింది. అటు ఆ మనిషి ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి నాకు తెలుసు.

మీట నొక్కాను.

"అమ్మోరయ్యా, నేను రత్నాన్ని. నీ పుస్తకంలో ఏటి రాసేవో నాకొద్దు. రోజుకి ఎన్ని నీళ్లు పోత్తన్నావో సెప్పు."

అతను చెప్పాడు. రెండు లీటర్లు.